నాలుగుకాళ్ళ పెళ్ళిపెద్ద



మన ఆదికావ్యం ఒక పక్షి మరణంతో ఆరంభమైనదని మీరెరుగుదురు. తమసానదీ తీరాన జంటగా విహరిస్తున్న క్రౌంచ పక్షులలో మగదానిని బోయవాడు కొట్టగా, ఆడపక్షి ఆక్రందన విని వాల్మీకి హృదయం ద్రవించింది. సీతారాముల అనురాగగాథకు నాంది పలికినది మూగజీవి యెడల కలిగిన జాలి అన్నమాట. మహాభారతంలో ధర్మరాజు, తనను నమ్మి వెంట వచ్చిన కుక్కను విడిచి ఇంద్రుని రథం ఎక్కనన్నాడు. ఈ రెండు కథలకూ మనం చేతులు జోడిస్తాము. వీధిలో కుక్క కుంటుతూ పోతే మాత్రం ముఖం తిప్పుకొంటాము. మనసు మరీ మంచిదైతే ఒక రొట్టెముక్క విసరి ముందుకు సాగుతాము. జాలి ఎక్కడ ముగుస్తుంది, ప్రేమ ఎక్కడ మొదలవుతుంది అన్న ప్రశ్నకు నాకు లాలాపేటలోని ఒక ఇంట సమాధానం దొరికింది. ఆ ఇంటి కథ ఈ పూట మీకు మనవి చేస్తాను. పేర్లు చెప్పను. వారు చెప్పవద్దన్నారు.

లాలాపేట అనగానే నగరవాసులకు విజయ డెయిరీ పాల కర్మాగారం జ్ఞాపకం వస్తుంది. సమీపంలోనే లాలాగూడ రైల్వే వర్క్‌షాపు, తార్నాక, ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణ ఉన్నవి. 1918లో స్థాపితమై, 1939లో ఆర్ట్స్ కళాశాల భవనాన్ని సంతరించుకొన్న ఆ విద్యాపీఠంలో, విద్యార్థులతోపాటు కుక్కలు కూడా కాపురముంటూ వచ్చినవి. వసతిగృహాల భోజనశాలలలో మిగిలినదే వాటికి ఆహారం.

అక్కడ పరిశోధన చేస్తున్న యువకుడొకడు ప్రతిరోజూ ఉదయం తన పలహారంలో సగం ఒక గోధుమరంగు కుక్కకు పెట్టేవాడు. లాలాపేటలో, పదవీ విరమణ చేసిన రైల్వే ఉద్యోగి కుమార్తె ఒకతె అదే దారిన గ్రంథాలయానికి పోతుండేది. ఆమె సూక్ష్మజీవశాస్త్ర విద్యార్థిని. చిన్ననాడు తమ్ముణ్ణి కుక్క కరచినప్పుడు తల్లి పడిన ఆందోళన కళ్ళారా చూసినది. ఆ యువకుణ్ణి చూసినప్పుడల్లా ఆమెకు చిరాకు. చెట్టు మొదట్లో కూర్చున్న ఆ దాతగారిని తప్పించుకొని, రోడ్డుకు ఆవలి పక్కగా నడిచిపోయేది.

2025 వర్షాకాలంలో ఒకనాటి ఉదయం ఏదో వాహనం కొట్టి పోగా, ఆ కుక్క కాలు విరిగి, దారి మధ్యన పడి మూలుగుతున్నది. యువకుడు దానిని చేతులలోకి తీసుకోబోయాడు. ఆమె దూరం నుంచే కేకవేసింది. “ఆగండి! నొప్పితో ఉన్న కుక్క అన్నం పెట్టిన చేతినైనా కరుస్తుంది.” తన చున్నీ తీసి, దాని మూతి చుట్టూ మెల్లగా ఎట్లా చుట్టవలెనో చెప్పింది. ఇద్దరూ ఒక గోనెపట్టాపై దానిని పడుకోబెట్టి, ఒప్పుకొన్న మూడవ ఆటోలో నగరం ఆ చివరనున్న జంతుసంరక్షణ ఆశ్రమానికి చేర్చారు.

అక్కడ దరఖాస్తు కాగితంపై ఒక గడి ఉన్నది: తీసుకొని వచ్చిన బాధ్యుల పేరు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకొన్నారు. కుక్క తనది కాదని ఆమె, తనదీ కాదని అతడు. చివరకు ఆ చిన్న గడిలోనే రెండు సంతకాలు పడినవి. తమ పేర్లు పక్కపక్కన చేరడం అదే మొదటిసారి అని ఆ అమ్మాయి నాతో చెప్పి నవ్వింది.

ఇటువంటి ఆశ్రమాలు మన దేశంలో పెరిగిన వృత్తాంతంలోనూ జంటలు కనిపిస్తారు. కెప్టెన్ వి. సుందరం, ఆయన భార్య ఉషా సుందరం ఇద్దరూ విమాన చోదకులు. 1951లో ఇంగ్లండు నుంచి బొంబాయికి డవ్ విమానాన్ని 27 గంటలలో నడిపించుకొని వచ్చినవారు. ఆకాశంలో విహరించే ఆ దంపతుల దృష్టి నేలమీది కుక్కపిల్లలపై పడినది. వరద నీటిలో కొట్టుకొంటున్న పిల్లలను సుందరం గారు ఇంటికి తెచ్చుకొన్నారు. 1959లో మద్రాసులో బ్లూ క్రాస్ ఆఫ్ ఇండియా వారి ఇంటనే పుట్టింది. భరతనాట్యానికి కొత్త గౌరవం తెచ్చిన రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభ సభ్యురాలిగా జంతుహింసా నివారణకు బిల్లు ప్రతిపాదించారు. ఆ కృషి 1960లో చట్టమై ఫలించింది. ఆ రుక్మిణీదేవి స్థాపించిన కళాక్షేత్రంలోనే నాట్యం నేర్చిన అమల, 1989లో వచ్చిన ‘శివ’ చిత్రంలో నాగార్జున సరసన నటించారు. 1992లో వారి వివాహం జరిగింది. అమల హైదరాబాదులో బ్లూ క్రాస్‌ను నెలకొల్పినది కూడా ఆ 1992లోనే. ఒక ఇంటి కోడలిగా వచ్చిన ఆమె ఈ నగరపు మూగజీవులన్నిటికీ ఆడపడుచు అయినది.

మన లాలాపేట కథకు మళ్ళీ వస్తాను.

కుక్క కాలికి కట్టు కట్టారు. మానడానికి రెండు మాసాలు పట్టవచ్చునన్నారు. ప్రతి ఆదివారం చూడడానికి అతడు వెళ్ళేవాడు, ఆమె కూడా వెళ్ళేది. వేరువేరుగా బయలుదేరి ఒకే బస్సులో కలిసేవారు. కొంతకాలానికి ఒకేచోట బయలుదేరడం మొదలైనది. ఆ ప్రయాణాలలో మాటలన్నీ మధురంగా సాగినవని అనుకోకండి. అసలు వివాదమంతా అక్కడే జరిగింది.

“మీరు అన్నం పెడుతున్నారు. ఆ అన్నం తిని అది పిల్లలు పెడుతుంది. ఆ పిల్లలకు ఎవరు పెడతారు?” అని ఆమె అడిగింది. కుక్క గర్భధారణ కాలం సుమారు 63 రోజులు. ఆహారం మాత్రమే పెట్టి, సంతాన నియంత్రణ శస్త్రచికిత్స, పిచ్చికుక్క వ్యాధి టీకా వేయించకుంటే, జాలి చూపినవాడే రేపటి కష్టానికి విత్తనం వేసినవాడవుతాడని ఆమె వాదం. 2023 ఫిబ్రవరిలో, తార్నాకకు ఎంతో దూరం లేని అంబర్‌పేటలో, నాలుగేళ్ళ బాలుడు వీధికుక్కల దాడిలో ప్రాణం కోల్పోయాడు. ఆ తల్లిదండ్రుల ముందు నిలబడి జీవకారుణ్యం గురించి మాట్లాడగలరా అని అడిగితే అతనికి నోట మాట రాలేదు.

శ్రోతలారా, ఈ ప్రశ్న తేలిక అయినది కాదు. పిచ్చికుక్క వ్యాధి లక్షణాలు పైకి కనిపించిన తరువాత బ్రతకడం దాదాపు అసంభవం. లక్షణాలు రాకముందే టీకా వేస్తే ప్రాణం నిలుస్తుంది. 1885 జూలై 6న తొమ్మిదేళ్ళ బాలునికి లూయీ పాశ్చర్ ఆ చికిత్స ప్రారంభించి లోకానికి నిరూపించాడు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకు కూడా పాశ్చర్ పేరుతో ఒక బాంధవ్యమున్నది. 1918లో కూనూరులోని పాశ్చర్ సంస్థలో ఒకే ఒక గదిలో అది పుట్టి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. కనుక కుక్క కరచినా గీరినా, గాయాన్ని వెంటనే ధారగా పడే నీటితో, సబ్బుతో 15 నిమిషాలపాటు కడగండి. పసుపు, కారం, సున్నం పెట్టకండి. ఆసుపత్రికి వెళ్ళి, వైద్యులు చెప్పిన తేదీలలో టీకాలన్నీ పూర్తి చేయించండి. ఒకటి రెండు వేయించుకొని మానివేయడం ప్రాణాపాయం. వీధికుక్కలలో నూటికి 70 వంతులకు టీకాలు వేయగలిగితే ఆ వ్యాధి వ్యాపించకుండా అడ్డుకొనవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది.

యువకుడు ఈ మాటలు విని అలగలేదు. ఆవరణలో తాను అన్నం పెట్టే కుక్కలను లెక్కవేశాడు. పదకొండు. తన మచ్చిక ఉన్నందున అవి అతని చేతికి చిక్కుతవి. ఒక్కొక్కదానినీ శస్త్రచికిత్సకు, టీకాకు పంపించడం మొదలుపెట్టాడు. తిరిగి వచ్చినదాని చెవి కొసన చిన్న గాటు ఉంటుంది. ఆ గాటు కనిపిస్తే పని పూర్తి అయినదని గుర్తు. పిల్లలు నడిచే దారికి దూరంగా, ఒకే చోట, ఒకే వేళకు అన్నం పెట్టి, ఆకులు ఎత్తివేసేవాడు. ఆమె ఒక నోటుపుస్తకంలో తేదీలు రాసేది. ప్రేమలేఖలు మీరు చాలా చూసి ఉంటారు. ఆ నోటుపుస్తకం చూసినప్పుడు నాకు అవి తేలికగా తోచినవి.

అంతలో 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు ఒక ఆదేశం ఇచ్చింది. విద్యాసంస్థలు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల వంటి చోట్ల నుంచి వీధికుక్కలను తొలగించి, శస్త్రచికిత్స, టీకాలు జరిపి, ఆశ్రయాలకు తరలించవలెననీ, తిరిగి అక్కడనే విడువరాదనీ దాని సారాంశం. అంతకుముందు పట్టినచోటనే విడిచిపెట్టడం నియమం. సరిగ్గా ఆ వారమే ఆశ్రమం వారు కబురు చేశారు. కాలు అతికింది, కొంచెం కుంటుతుంది, తీసుకొని వెళ్ళవచ్చును.

ఎక్కడికి తీసుకొని వెళ్ళడం? ఆవరణలోకి వీలు లేదు. వసతిగృహంలో అనుమతి లేదు. ఆశ్రమంలో అప్పటికే చోటు చాలదు. మిగిలినది లాలాపేటలో రెండు గదుల ఇల్లు, కుక్క పేరు చెబితే వణికే తల్లి.

అమ్మాయి దాచకుండా తల్లికి అంతా చెప్పింది. తల్లి ఆ యువకుణ్ణి పిలిపించింది. చాయ్ ఇచ్చి, ఎదురుగా కూర్చొని అడిగింది. “కుక్కకు బువ్వ పెట్టినవు, దవాఖానకు తీస్కపోయినవు, మంచిదే బిడ్డా. రేపు అది ఎవరి పిల్లగానినన్న కరిస్తే జిమ్మేదారు ఎవరు?”

“నేనేనమ్మా,” అన్నాడతడు.

“నువ్వు హాస్టల్ల ఉంటవు. చదువు అయినంక ఏ ఊరికి పోతవో. కుక్క పదేండ్లు బతుకుతది. పదేండ్లకు జిమ్మేదారు ఎవరు?”

యువకుడు తల వంచుకొన్నాడు. గోడకు ఆనుకొని నిలబడి ఉన్న అమ్మాయి అన్నది. “మేమిద్దరం, అమ్మా.”

చాయ్ చల్లారిపోయింది. తల్లి చాలాసేపు ఏమీ అనలేదట. కొంతసేపటికి లేచి, పెరటి తలుపు తీసి, తులసికోట పక్కన ఉన్న రేకుల పందిరి కింది కట్టెలు పక్కకు జరపడం మొదలుపెట్టింది. “ఇంట్లకు రావద్దు. ఈడనే ఉండాలె,” అన్నది. ఆ మాట కుక్కను గూర్చియా, అల్లుణ్ణి గూర్చియా అని తండ్రి హాస్యమాడాడట.

మనం ప్రేమ అనే పదాన్ని చూపులకు, మాటలకు, పాటలకు వాడుతున్నాము. జాలి క్షణంలో పుడుతుంది, క్షణంలో ఆరిపోతుంది. అది రేపు ఉదయం కూడా లేచి, వాన పడినా, పరీక్ష ఉన్నా, తన పని తాను చేసినప్పుడు ప్రేమ అవుతుంది. మన ఉర్దూ తెలుగుల నగరంలో దానికి మంచి మాట ఉన్నది, ఆ తల్లి వాడిన మాటే: జిమ్మేదారి. ఒక మనిషి మనను ప్రేమించగలడా అని తెలుసుకోవడానికి జాతకాలు చూస్తాము. తనకు తిరిగి ఏమీ ఇవ్వలేని ప్రాణిని అతడు ఎట్లా చూసుకొంటున్నాడో రెండు మాసాలు గమనించడం కూడా ఒక మార్గమని ఆ అమ్మాయి నాకు నేర్పింది. అతడు కూడా ఒకటి నేర్చుకొన్నాడు: తన మంచితనంలోని లోపాన్ని ముఖం మీద చెప్పగల తోడు దొరకడం భాగ్యమని.

మీ వీధిలో కుక్కకు అన్నం పెట్టే చేయి ఉంటే, ఆ చేతిని తిట్టకండి. అయితే ఆ చేతిని అడగండి: దీని చెవికి గాటు ఉన్నదా, దీనికి టీకా పడినదా అని. లేదంటే ఇద్దరూ కలిసి నగరపాలక సంస్థకు కబురు చేయండి.

శుభలేఖ నాకు మొన్న అందింది. రెండు పేర్లూ పక్కపక్కన ఉన్నవి. కవరు మూలన కొంచెం నలిగి, పంటి గుర్తులు ఉన్నవి. పెళ్ళిపెద్దగారు కూడా ఆ లేఖను పరిశీలించి పంపినట్లున్నారు.