అసలు పద్దు జోలికి పోకుండా



దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ హాస్టళ్ళలో ఉండి కంప్యూటరు పని నేర్చుకునే పిల్లలు మనకు రోజూ కనిపిస్తారు. వాళ్ళ పనిలోని ఒక జాగ్రత్త చెప్తాను.

డేటాబేస్ అంటే పద్దుపుస్తకం లాంటిది. పేర్లూ, బాకీలూ అన్నీ అందులోనే ఉంటాయి. నాలుగు ప్రోగ్రాములకూ పనికొచ్చే పనిముట్ల పెట్టె లైబ్రరీ. అసలు పద్దు ఎక్కడుందో ఆ లైబ్రరీ లోపలే రాసిపెట్టారనుకోండి, పరీక్ష చేసినప్పుడల్లా రాతలు అసలు పద్దులోనే పడతాయి!

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఉద్యోగి వేరే యంత్రమనుకుని అసలు డేటాబేస్‌నే చెరిపేశారు. సుమారు ఆరు గంటల సమాచారం తిరిగి దక్కలేదు. అది పరీక్షలో జరిగింది కాదు గాని, అసలుకీ నకలుకీ తేడా తెలియకపోతే ఏమౌతుందో చెబుతుంది.

అందుకని లైబ్రరీని తిరిగి సర్దుతారు. ఏ పద్దులో రాయాలో పని చెప్పినవాళ్ళే అందివ్వాలి. అప్పుడు పరీక్షకు తాత్కాలిక పద్దు ఇవ్వొచ్చు. ఎస్‌క్యూలైట్‌లో అయితే అది కంప్యూటరు మెమొరీలోనే పుట్టి, మూసేయగానే పోతుంది. ఒక పరీక్ష ఎంగిలి మరోదానికి అంటదు. అయితే అసలుది వేరే రకమైతే, తాత్కాలికమూ ఆ రకమే ఉండడం మేలు.

మీ ఇంట్లో ఈ పని చేసేవాళ్ళుంటే ఒక్కమాట అడగండి: "నీ పరీక్షలు ఏ పద్దులో రాస్తున్నాయమ్మా?"

సెలవు.