నీటి పచ్చదనము

చేపల చెరువు గట్టున నిలిచిన రైతు మొట్టమొదట చూచునది చేపలను కాదు, నీటి రంగును. మోచేతివరకు చేయి ముంచి, అరచేయి కనబడునో లేదో పరీక్షించును. బొత్తిగా మరుగైనచో నీరు మితిమీరి చిక్కబడినదనియు, తేటతెల్లముగా కనబడినచో చేపకు మేత చాలదనియు ఆతని లెక్క. 1865లో సెక్కీ అను ఇటలీ దేశపు ఖగోళ శాస్త్రజ్ఞుడు తెల్లని పళ్ళెమును సముద్రములోనికి దింపి, అది ఎంత లోతున కనుమరుగగునో కొలిచెను. మన రైతు చేయునదియు ఆ పరీక్షయే. పళ్ళెమునకు బదులు అరచేయి.

ఈ పచ్చదనమునకు ముఖ్యకారణము ప్లవకములు. ప్రవాహమునకు ఎదురీదజాలక నీటితోపాటు తేలిపోవు ఈ జీవులకు, దిమ్మరి అను అర్థముగల గ్రీకు మాటనుండి ప్లాంక్టన్ అను పేరును 1887లో హెన్సెన్ అను జర్మను శాస్త్రజ్ఞుడు కల్పించెను. ఎండను గ్రహించి ఆహారమును తయారుచేసికొనునవి వృక్షప్లవకములు. వానిని తిని బ్రదుకునవి జంతుప్లవకములు. బొచ్చె చేప నీటి పైభాగమున వడగట్టి మ్రింగునది ముఖ్యముగా ఈ రెండవ తెగనే.

వృక్షప్లవకములు పగలు నీటిలోనికి ప్రాణవాయువును విడుచును. ప్రొద్దుగ్రుంకిన పిమ్మట ఆ పని నిలిచిపోవును గాని, శ్వాసించుట ఆగదు. రాత్రి యంతయు అవియు, చేపలును, అడుగు బురదలోని సూక్ష్మక్రిములును ఒకే నిలువను ఖర్చుపెట్టుచుండును. కావుననే ప్రాణవాయువు మిక్కిలి తరిగియుండు వేళ తెల్లవారుజాము. రెండు మూడు దినములు మబ్బు పట్టెనా, చిక్కని చెరువులో చేపలు వేకువనే పైకి వచ్చి గుటకలు వేయును. ఏడాది పెట్టుబడి ఒక్క ఉదయమున తెల్లగా తేలిపోవుట కొల్లేటి ప్రాంతమువారు ఎరుగనిది కాదు. అట్టి వేళ మేతను, ఎరువును ఆపి, క్రొత్తనీరు పెట్టి, ఏరేటర్లతో నీటిని చిలుకవలెను. నాచునంతయు ఒక్కమారు చంపుటకు మైలుతుత్తము గుమ్మరించుట ప్రమాదము. చచ్చిన నాచు క్రుళ్ళుచు, మిగిలిన ప్రాణవాయువును కూడ హరించును.

పలుజాతుల ప్లవకములు కలసియున్న నీటిలో ఒకటి క్షీణించినను మరియొకటి దాని చోటును పూరించును. ఎరువులు, మురుగు అధికమైనచో నీలిహరిత శైవలములు ఒక్కటే తెట్టెగా కట్టి, తక్కిన వానికి వెలుతురు అందనీయవు. వీనిలో కొన్ని విషమును కూడ పుట్టించును.

కొల్లేటికి బుడమేరు, తమ్మిలేరు మున్నగునవి నీటిని తెచ్చును; ఉప్పుటేరు సముద్రమునకు దారి. 1999లో అభయారణ్యమై, 2002లో రామ్‌సార్ పట్టికకెక్కిన ఈ సరస్సులో 2006లో అనేక చెరువుల గట్లు తెగగొట్టిరి. గట్ల తగవే అందరి నోటను వినబడును గాని, ఉప్పు సంగతి అంతగా వినబడదు. వేసవిలో సరస్సు మట్టము తగ్గినపుడు ఉప్పుటేటి వెంబడి సముద్రజలము ఎగబ్రాకగా, మంచినీటి ప్లవకములు తగ్గి, ఉప్పు నోర్చునవి తలయెత్తును.

సముద్రములో నియమము వేరు. విశాఖ తీరమున వేసవి తొలినాళ్ళలో గాలులు పైనీటిని తీరమునుండి త్రోయగా, అడుగునుండి చల్లని, సారవంతమైన నీరు పైకి వచ్చును. దానితో గాజుపెట్టెలవంటి కవచములుగల డయాటములు విరివిగా పెరుగును. ఆంధ్ర విశ్వవిద్యాలయము వారు 1950వ దశకమునుండియే ఈ తీరజలములను పరిశోధించిరి. వానకాలమున గోదావరి మున్నగు నదుల మంచినీరు తేలికయగుటచే ఉప్పునీటిపై మూతవలె పరచుకొని, అడుగు సారమును పైకి రానీయదు. బంగాళాఖాతములో ప్లవకముల పంట అరేబియా సముద్రములోకంటె తక్కువగుటకు ఇదియొక ప్రధాన కారణము.