పేరు దొరకలేదంటే మనిషి లేనట్టు కాదు

సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం



కంప్యూటరులో తప్పులు ఎట్లా పుడతాయో చెప్పమని కార్యదర్శిగారు కోరారు. నేను ఇంజనీరును కాను, ముప్పయ్యేళ్లు రిజిస్టర్లు రాసిన గుమాస్తాను. రిటైరయ్యాక మనవడి పుస్తకాలు ముందు వేసుకుని సి భాష కొంత నేర్చుకున్నాను.

రిజిస్టరులో పేరు గడి చాలకపోతే మనం అక్షరాలు ఇరికించి రాసేవాళ్లం. పక్క గడి జోలికి పోయేవాళ్లం కాదు. సి భాషకు ఆ పట్టింపు లేదు. పేరుకు 20 బైట్ల గడి ఇస్తే 19 ఇంగ్లీషు అక్షరాలే పట్టాలి. చివరిది ‘పేరు ఇక్కడితో సరి’ అని చెప్పే సున్నా గుర్తు. అంతకు మించి రాస్తే భాష తనంతట తాను అడ్డుపడదు. మిగిలిన అక్షరాలు పక్క గడిలోని అంకెలను చెరిపేయవచ్చు. దీనినే బఫర్ ఓవర్‌ఫ్లో అంటారు. 1988 నవంబరు 2న అమెరికాలో మోరిస్ వర్మ్ అనే ప్రోగ్రాము వేలాది కంప్యూటర్లలో జొరబడిన దారుల్లో ఇదొకటి. పొడవు చూడకుండా చదివే ‘గెట్స్’ అనే ఫంక్షను అందుకు సందిచ్చింది. 2011 ప్రమాణంలో దానిని సి భాష నుంచి తొలగించారు.

మన తెలుగు పేర్లకు ఈ చిక్కు మరీ ఎక్కువ. ‘రామారావు’ కంటికి నాలుగక్షరాలే. ఇప్పుడు వాడే యుటిఎఫ్-8 పద్ధతిలో దానికి 24 బైట్లు కావాలి.

ఇంకొక తప్పున్నది. గడి నిండా పేరు నింపి సున్నా గుర్తు వదిలేస్తే, ప్రోగ్రాము పక్క గడిని కూడా పేరులో కలిపి చదువుతుంది. ఆ పేరుతో డేటాబేసును అడిగితే ‘రికార్డు లేదు’ అని వస్తుంది. రికార్డు ఉన్నది, అడిగిన పేరే తప్పు.

ఇది పుస్తకాల గొడవ కాదు. దివంగతుడైన మన సభ్యుని భార్యకు ఒక కార్యాలయంలో కుటుంబ పెన్షను నాలుగు నెలలు ఆగింది. తెర మీద పేరు రాలేదు గనుక మంజూరే కాలేదన్నారు. నేను వెంట వెళ్లి పీపీఓ నంబరుతో వెతకమన్నాను. రికార్డు వచ్చింది. పేరు చివర రెండక్షరాలు తెగి ఉన్నాయి.

ప్రోగ్రాములు రాసే మన పిల్లలకు ఒక మాట. డేటాబేసును నిందించే ముందు, దానికి పంపిన ప్రశ్నను అటూ ఇటూ గుర్తులు పెట్టి అచ్చు వేసి, పొడవు లెక్క చూడండి. అడ్రస్ శానిటైజర్ పెట్టి నడిపితే, ఆ పరీక్షలో గడి దాటిన చోట అదే ఆపి చూపిస్తుంది. మనం చిట్టా, ఆవర్జా పద్దు పద్దుగా సరిచూసినట్టే.

పెన్షనరు మిత్రులకు మరొక మాట. పీపీఓ నకలు దగ్గర ఉంచుకోండి, ఇంట్లోవాళ్లకు చూపి ఉంచండి. పేరు లేదంటే తిరిగి రాకండి, నంబరుతో వెతకమని అడగండి.