అడవి దారిలో సైకిల్ రైడ్: ముందు తిరిగొచ్చే టైమ్ రాసుకోండి

ఈరోజు ఎపిసోడ్‌లో అడవి దారిలో సైకిల్ రైడ్‌కి ఎలా ప్లాన్ చేసుకోవాలో మాట్లాడుకుందాం. ఏ సైకిల్ కొనాలి, ఎంత పెట్టాలి అన్నది కాదు. ఉన్న సైకిల్‌తోనే వెళ్ళి, చీకటి పడకముందే ఎలా తిరిగి రావాలి అన్నది. ఎందుకంటే పోయిన డిసెంబర్‌లో నేను ఆ పని సరిగ్గా చేయలేదు.

మేం వెళ్ళింది అనంతగిరి కొండలకి. హైదరాబాద్ నుంచి సుమారు 80 కిలోమీటర్లు, వికారాబాద్ దగ్గర. నాతో మా చిన్నమ్మ కొడుకు ఉన్నాడు, వాడికి 16 ఏళ్ళు. సైకిళ్ళు కారు వెనక రాక్‌కి కట్టుకుని బయల్దేరాం. దారిలో తిని, ఫోటోలు దిగి, అసలు సైకిల్ ఎక్కేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. ఇంకొంచెం ముందుకి పోదాం, ఇంకొంచెం పోదాం అని నేనే లాక్కెళ్ళాను. మూడున్నరకి నా వెనక టైర్లో తుమ్మ ముల్లు దిగింది.

పంక్చర్ కిట్ ఉంది కదా అని ధీమా. తీసి చూస్తే సొల్యూషన్ ఎండిపోయి ఉంది. ఒకసారి మూత తీసి వాడితే, వాడకుండా ఉంచిన కొన్నాళ్ళకి అది గట్టిపడిపోతుందని అప్పటిదాకా నాకు తెలీదు. స్పేర్ ట్యూబ్ లేదు. ఫోన్లో సిగ్నల్ లేదు. ఇక నడకే, సైకిల్ నెట్టుకుంటూ ఏడు కిలోమీటర్లు.

డిసెంబర్‌లో మన దగ్గర ఐదుంముప్పావుకల్లా సూర్యుడు దిగిపోతాడు. చెట్ల కింద ఇంకా ముందే చీకటి. దారిలో తమ్ముడు ఒక రాయి మీద కూలబడ్డాడు. పిక్క పట్టేసింది. నీళ్ళు తాగరా అంటే, "అయిపోయినయ్ అన్నా, గంటన్నర అయింది" అన్నాడు. ముందే ఎందుకు చెప్పలేదురా అని కసిరాను. "నువ్వు మళ్ళీ తీస్కరావేమోనని" అన్నాడు. అప్పుడు నా సీసాలో ఇంకా సగం నీళ్ళున్నాయి, ఫ్రెండ్స్. నేను ఒక్కసారి అడిగుంటే సరిపోయేది.

ఈ ఆదివారం మళ్ళీ వెళ్తున్నాం. మా చిన్నమ్మ ఒకటే అడిగింది, "ఎన్నింటికి తిరిగొస్తారు?" అని. పోయినసారి అడిగితే "సాయంత్రం" అన్నాను. సాయంత్రం అంటే టైమ్ కాదు కదా! అందుకే ఈసారి ప్లాన్ ఆ ప్రశ్న దగ్గరే మొదలుపెట్టాను, చివరి నుంచి వెనక్కి.

లెక్క ఇలా వేశాను. కారు దగ్గరికి మధ్యాహ్నం 12కి తిరిగి రావాలి. ఉదయం 7కి సైకిల్ ఎక్కుతాం. మధ్యలో ఐదు గంటలు. అందులో ఒక గంట పంక్చర్‌కి, కాలు పట్టేయడానికి, దారి తప్పడానికి పక్కన పెట్టాను. మిగిలింది నాలుగు. రెండు పోవడానికి, రెండు రావడానికి. అంటే 9 అయ్యేసరికి ఎక్కడున్నా సరే, సైకిల్ వెనక్కి తిప్పాల్సిందే. ముందు వ్యూ పాయింట్ కనిపిస్తున్నా సరే. తారు రోడ్డు మీద గంటకి 15 కిలోమీటర్లు పోయేవాళ్ళు కూడా రాళ్ళు, వేర్లు ఉన్న మట్టి దారిలో ఏడెనిమిదికి మించి పోలేరు. అందుకే కిలోమీటర్లని కాదు, గడియారాన్ని నమ్మండి.

తర్వాత, వెళ్ళే దారి. అడవిలో కనిపించిన ప్రతి దారిలోనూ సైకిల్‌కి పర్మిషన్ ఉండదు. ముందుగా అక్కడి అటవీ శాఖ సిబ్బందిని అడగండి. వద్దంటే వద్దు, చెట్ల మధ్య నుంచి పోయే తారు రోడ్డు మీద తొక్కినా బాగానే ఉంటుంది. ఇంట్లో వైఫై ఉన్నప్పుడే మ్యాప్ డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది, మ్యాప్‌లో మీరు ఎక్కడున్నారో కనిపిస్తుంది. ఇంట్లో ఒకరికి మెసేజ్ పెట్టండి: ఏ దారి, ఎన్నింటికి వెనక్కి తిరుగుతాం, ఎన్నింటికల్లా ఫోన్ చేస్తాం. ఆ టైమ్ దాటితే ఏం చేయాలో కూడా రాయండి. ఎమర్జెన్సీకి 112, అంబులెన్స్‌కి 108.

సైకిల్ చెకింగ్ చాలా ఈజీ, ఏ, బి, సి. ఏ అంటే ఎయిర్. టైరు పక్కనే ఎంత గాలి పెట్టాలో ముద్రించి ఉంటుంది. మట్టి దారికి అందులో తక్కువ వైపు ఉంచండి, పట్టు బాగుంటుంది. మరీ తగ్గిస్తే మాత్రం రాయి తగిలినప్పుడు ట్యూబ్ నలిగి పంక్చర్ అవుతుంది. బి అంటే బ్రేకులు. ముందుది, వెనకది విడివిడిగా పట్టి చూడండి. సి అంటే చైన్, తుప్పు లేకుండా ఆయిల్ వేసి ఉండాలి.

బ్యాగులో మీ టైరు సైజుకి సరిపోయే స్పేర్ ట్యూబ్, టైరు విప్పే లీవర్లు, మీ వాల్వ్‌కి సరిపోయే పంప్, కొత్త సొల్యూషన్. ట్యూబ్ మార్చేముందు టైరు లోపల గుడ్డతో ఒకసారి తుడిచి చూడండి. ముల్లు అక్కడే ఉండిపోతే కొత్త ట్యూబ్ కూడా పోతుంది. ఇవన్నీ ఇంట్లో ఒకసారి చేసి చూసుకోండి, అడవిలో నేర్చుకోవద్దు.

నీళ్ళు మనిషికి గంటకి అర లీటరు లెక్కన పెట్టాను, అంటే ఒక్కొక్కరికి రెండున్నర లీటర్లు. దాంతోపాటు లీటరు నీళ్ళల్లో కలిపే ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, అరటిపళ్ళు, పల్లీ పట్టీలు. హెల్మెట్ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో మాట. మూసీ పుట్టేది ఈ కొండల్లోనే. హైదరాబాద్ మధ్య నుంచి పోయి చివరికి కృష్ణలో కలిసే నది అది. అక్కడ చిప్స్ కవర్ పారేస్తే అది ఎటు పోతుందో మీరే ఆలోచించండి. ఎండాకులు ఉన్నచోట నిప్పు అసలే వద్దు. నడిచేవాళ్ళు కనిపిస్తే బెల్ కొట్టి, స్లో చేసి, వాళ్ళకి దారివ్వండి.

చివరగా, మా రైడ్‌లో ఈసారి కొత్త రూల్ ఒకటుంది. ప్రతి అరగంటకి ఆగుతాం, ఇద్దరం సీసాలు తీసి ఒకరికొకరం చూపించుకుంటాం. "బానే ఉన్నావా?" అని అడిగితే చిన్నవాళ్ళు బానే ఉన్నానంటారు. సీసా అబద్ధం చెప్పదు. వాచ్ కూడా తమ్ముడికే ఇచ్చాను. 9కి "అన్నా, తిరుగుదాం" అనే అధికారం వాడిదే, నేను ఎదురు చెప్పకూడదు.

చిన్నమ్మకి కూడా అదే చెప్పాను: పన్నెండుకి కారు దగ్గరుంటాం, పన్నెండున్నరలోపు నీకు ఫోన్ చేస్తాం అని. మీరు కూడా బయల్దేరేముందు ఇంట్లో ఒక టైమ్ చెప్పి వెళ్ళండి, ఆ టైమ్‌కి రండి. మళ్ళీ కలుద్దాం, జాగ్రత్త.