ఓడెక్కితే కడుపెందుకు తిప్పుతుంది?



మన కోస్గిలో పిల్లవాడెవడైనా నేవీలో చేరతానంటే ఇంట్లో మొదట వచ్చే మాట ఒకటుంది: "బస్సెక్కితేనే వాంతి చేసుకుంటావు, ఓడేం ఎక్కుతావు?" ఆ మాట మీదే నాలుగు ముక్కలు చెబుతాను.

ఇందులో పిరికితనమేమీ లేదు. చెవి లోపలి భాగం "ఊగుతున్నాం" అంటుంది. గది గోడను చూస్తున్న కన్ను "కదలడం లేదు" అంటుంది. ఈ తగవు మెదడుకు తెగదు, కడుపు తిప్పుతుంది. కనుక ఆ రెంటికీ రాజీ కుదర్చాలి. పైకొచ్చి, నింగీ నీరూ కలిసే చోటును చూడాలి. ఊపు తక్కువుండే ఓడ నడుమ కూర్చోవాలి. పుస్తకం, ఫోను పక్కన పెట్టాలి. ఖాళీ కడుపూ వద్దు, నూనె వంటలూ వద్దు. డాక్టరును అడిగి మాత్ర బయలుదేరకముందే వేసుకోవాలి. వాంతులు మొదలయ్యాక మింగితే నిలవదు. అప్పుడు కొంచెం కొంచెంగా ఓఆర్ఎస్ తాగాలి. చాలామందికి రెండు మూడు రోజుల్లో ఒళ్లు అలవాటు పడుతుంది.

అలవాటు పడనివారూ ఉంటారు. డార్విన్ 1831 నుంచి 1836 దాకా బీగిల్ ఓడలో ఈ బాధ పడుతూనే తన పని చేసుకున్నాడు.

2017 సెప్టెంబరులో ఆరుగురు నేవీ మహిళలు 'తరిణి' అనే 55 అడుగుల తెరచాప పడవలో గోవా నుంచి బయలుదేరి, ప్రపంచం చుట్టి 2018 మేలో తిరిగొచ్చారు. వారిలో బొడ్డపాటి ఐశ్వర్యది హైదరాబాదు. హైదరాబాదుకు మాత్రం సముద్రం ఎక్కడిది?

గురువులకు నా మనవి ఒక్కటే. బస్సులో వాంతి చేసుకున్నాడని ఏ పిల్లవాడినీ సముద్రానికి దూరం చేయనివ్వకండి.