వాతావరణ వార్త గాలివార్త కాదు



రేడియోలో వార్తలయ్యాక వాతావరణం సంగతి మొదలవగానే మనలో చాలామందిమి లేచి వంటింట్లోకి వెళ్ళిపోతాం. సెల్‌ఫోనుకు వస్తే చదవకుండానే తీసేస్తాం. "ఎండాకాలం ఎండలు కాక మంచు కురుస్తుందా?" అని వేళాకోళం కూడాను. నేనూ ఆ కోవలోదాన్నే.

ఓ మే నెలలో మా ఊరికి ఎరుపు హెచ్చరిక ఉందని పొద్దున్నే విన్నాను. మావారిని గడప దాటనివ్వలేదు. పిల్లలకు మజ్జిగ కలిపి పెట్టాను. కాని చుట్టాలొస్తున్నారు, అంట్లు పడతాయని మా పనిమనిషిని రెండు గంటలకు రమ్మన్నాను. పాపం, అంత దూరం నడిచి వచ్చి, "కళ్ళు తిరుగుతున్నాయమ్మగారూ" అంటూ గుమ్మంలోనే కూలబడిపోయింది. అదృష్టం బాగుండి తేరుకుంది. హెచ్చరిక విన్నది నేను, ఎండలో నడిచింది ఆమె! ఆ సంగతి ఇప్పటికీ నన్ను గుచ్చుతూనే ఉంటుంది.

2015 వేసవిలో మన రెండు రాష్ట్రాల్లో కలిపి 1,500 మందికి పైగా వడదెబ్బకు పోయారు. వడగాడ్పు హెచ్చరికకు రంగులున్నాయి. పసుపంటే గమనిస్తూ ఉండమని, నారింజంటే సిద్ధంగా ఉండమని, ఎరుపంటే వెంటనే జాగ్రత్త పడమని అర్థం. మైదానాల్లో 40 డిగ్రీలు దాటాక వడగాడ్పు లెక్కలోకి వస్తే, కోస్తాలో 37కే వస్తుంది. అక్కడ ఉక్కపోతకు చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు.

ఎవరికైనా వడదెబ్బ తగిలితే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, తడిగుడ్డతో ఒళ్ళంతా తుడుస్తూ విసరండి. తెలివి ఉంటే లీటరు నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా తాగించండి. తెలివి లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోను చెయ్యండి.

మే అంటే ఎండలే అనుకోకండి. 1990 మే 9న మచిలీపట్నం దగ్గర పెనుతుపాను తీరం దాటింది. మా పిన్నిగారిది దివిసీమ. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన గురించి ఆవిడ ఒకటే మాట చెబుతుంది: "గాలికి ఇల్లు పోతుందని భయపడ్డామే గాని, సముద్రం ఇంట్లోకొస్తుందనుకోలేదే అమ్మా!" ఆనాడు నీళ్ళు దాదాపు 5 మీటర్ల ఎత్తున వచ్చాయి. ప్రభుత్వం లెక్కనే సుమారు 10 వేల మంది పోయారు. 1990లో జనాన్ని ముందుగా పెద్ద ఎత్తున తరలించారు, మృతులు వెయ్యికి లోపే. ఆ వెయ్యీ తక్కువని కాదు, కదిలితే ఎన్ని ప్రాణాలు నిలుస్తాయో చూడండి.

తుపాను గాలి సముద్రాన్ని ఒడ్డుకు తోస్తుంది. అదే సమయానికి పోటు కూడా వస్తే నీటి మట్టం ఇంకా పెరుగుతుంది. ఉప్పెన ఎంత ఎత్తున రావచ్చో హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ముందే లెక్కకట్టి చెబుతోంది. తుపాను హెచ్చరిక 48 గంటల ముందు ఒకసారి, 24 గంటల ముందు ఇంకోసారి వస్తుంది. రేషను కార్డు, మందులు, టార్చిలైటు మూట కట్టుకుని తుపాను షెల్టరుకు చేరడానికి ఆ వ్యవధి చాలు. "గొడ్లను వదిలి ఎలా వెళ్ళేది?" అని ఆగిపోతేనే చాలదు. గొడ్లను కట్టు విప్పి వదిలి, మనుషులు కదలాలి.

మనం పట్నంలో ఉన్నాం, మనకేమిటంటారా? తీరాన ఉన్న పిన్నికో అత్తకో ఒక ఫోను చెయ్యండి. బయల్దేరారని రూఢి చేసుకునేదాకా వదలకండి. ఎండ హెచ్చరిక వచ్చిన రోజు పనిమనిషిని పొద్దున్నే రమ్మనండి, లేదా ఆ పూటకు మానెయ్యమనండి, జీతం మాత్రం కొయ్యకండి. అంట్లు సాయంత్రం దాకా ఆగుతాయి. ప్రాణం ఆగదు కదా!

సెలవు.