గత జాతుల శిథిలాలు – మన ప్రయాణాలు

(మొదటి ఖుత్బా)

సమస్త స్తోత్రాలకు అర్హుడైన అల్లాహ్‌ను కొనియాడుతున్నాము. ఆయన సహాయాన్నే అర్థిస్తున్నాము. మన తప్పులకు ఆయన క్షమాపణనే వేడుకుంటున్నాము. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) పైన, వారి కుటుంబీకుల పైన, సహచరుల పైన శాంతి, శుభాలు కురియుగాక!

ధార్మిక సోదరులారా! ముందుగా మాకు మేము, ఆ తరువాత మీకు తఖ్వాను గురించి హితవు చెబుతున్నాము. మనిషి ఇంట్లో ఉన్నా, ప్రయాణంలో ఉన్నా, నేల మీద నడుస్తున్నా, ఆకాశంలో ఎగురుతున్నా అతణ్ణి గమనిస్తున్నవాడు ఒక్కడే.

కొన్ని వారాల క్రితం ఒక సోదరుడు మమ్మల్ని కలిశారు. రొయ్యల వ్యాపారంలో అల్లాహ్ ఆయనకు విస్తారమైన ఉపాధిని ప్రసాదించాడు. నమాజుకు అలక్ష్యం చేయని మనిషి. మసీదుకు చేతనైన సహాయం చేసే మనిషి. "హజ్రత్! కొందరం కలిసి ప్రత్యేక విమానంలో ఒక యాత్రకు వెళ్తున్నాము. ఈజిప్టులో పిరమిడ్లు, జోర్డాన్‌లో పెట్రా, సౌదీలో అల్-ఉలా చూస్తాము. చివర ఉమ్రా కూడా ఉంటుంది. ఇది ధర్మసమ్మతమేనా?" అని అడిగారు. ఆ వెంటనే, "మీరు కూడా మాతో రండి. మీ ఖర్చంతా నాది. ఆ స్థలాల వద్ద మీరు ఖుర్ఆన్ గాథలు చెబితే మాకు లాభం కలుగుతుంది" అన్నారు.

సోదరులారా! దాచడమెందుకు? మా మనస్సు కూడా ఊగింది. చిన్నతనం నుంచి మదరసాలో చదివిన పేర్లు, ఆద్, సమూద్, ఫిరౌన్, ఇవన్నీ కళ్ళ ముందు మెదిలాయి. జవాబు చెప్పడానికి ఒక వారం గడువు అడిగాము. ఆ వారంలో మేము ఆలోచించిన విషయాలే నేడు మీ ముందు ఉంచుతున్నాము. ఆ సోదరుని అనుమతితో, ఆయన పేరు, ఊరు చెప్పకుండా ఈ ప్రస్తావన తెస్తున్నాము.

మొదటి విషయం. ప్రయాణం ఇస్లాంలో నిషిద్ధం కాదు. పైగా, భూమిపై సంచరించి పూర్వపు జాతుల పర్యవసానం ఏమైందో చూడమని దివ్య ఖుర్ఆన్ అనేక చోట్ల ఆదేశిస్తుంది. ఇబ్నె బతూతా తన 21వ ఏట, 1325లో హజ్ కోసమని టాంజియర్‌లోని ఇల్లు విడిచి, దాదాపు ముప్పై ఏళ్ళు దేశదేశాలు తిరిగారు. మన దేశానికీ వచ్చారు. ఆయనను మన పెద్దలు తప్పుపట్టలేదు. కాని హజ్ సూరాలో అల్లాహ్ ఒక హెచ్చరిక చేశాడు. జనులు భూమిపై తిరిగితే వారి హృదయాలు గ్రహించాలి. గుడ్డివయ్యేవి కళ్ళు కావు, హృదయాలు అన్నది ఆ హెచ్చరిక సారాంశం. అంటే యాత్రకు కొలమానం ఎన్ని దేశాలు చూశామన్నది కాదు, చూసినదాని నుంచి హృదయం ఏమి గ్రహించిందన్నది.

ఇప్పుడు ఈ ప్రత్యేక విమాన యాత్రల సంగతి చూద్దాం. ప్రపంచంలో ఇవి ఒక పెద్ద వ్యాపారంగా మారాయి. యాభై మంది, కొంచెం అటూ ఇటూగా, ఒకే విమానంలో మూడు నాలుగు వారాలు తిరుగుతారు. ఆ సీట్లు పడకలుగా మారతాయి. వంటవాడు, వైద్యుడు, చరిత్ర చెప్పే పండితుడు వెంట ఉంటారు. పెరూలోని మాచు పిచ్చు, కంబోడియాలోని అంగ్‌కోర్, మన ఆగ్రాలోని తాజ్‌మహల్, జోర్డాన్‌లోని పెట్రా ఇలా ఒక దాని తరువాత ఒకటి చూస్తారు. ఒక్కొక్కరికి లక్ష డాలర్లకు పైగా తీసుకునే యాత్రలు ఉన్నాయి. మన లెక్కలో ఎనభై లక్షల రూపాయలకు తక్కువ కాదు. ఎక్కడా వరుసలో నిలబడనవసరం లేదు. ఎక్కడా సామాను మోయనవసరం లేదు. ఎక్కడా ఎండ, దుమ్ము ఎక్కువసేపు తగలవు.

ఆ యాత్రల్లో నేడు చేరుతున్న అల్-ఉలా దగ్గరే అల్-హిజ్ర్ ఉంది. కొండలను తొలిచిన కట్టడాల స్థలం అది. 2008లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా ప్రకటించింది. సౌదీ అరేబియాలో ఆ గుర్తింపు పొందిన మొదటి స్థలం అదే. హజ్రత్ సాలిహ్ (అ)ను తిరస్కరించిన సమూద్ జాతి నివసించిన ప్రదేశం కూడా అదే.

హిజ్రీ 9వ సంవత్సరంలో తబూక్‌కు వెళ్తూ దైవప్రవక్త (సఅసం) ఆ ప్రదేశం మీదుగా సాగిపోయారు. మండే ఎండ, దూరాభారం, నీటికి కటకట. సహచరులు అక్కడి బావుల నీరు తోడుకున్నారు. దానితో పిండి కలుపుకున్నారు. దైవప్రవక్త (సఅసం) ఆ నీటిని పారబోయమన్నారు. ఆ పిండిని ఒంటెలకు పెట్టమన్నారు. సాలిహ్ (అ) ఒంటె నీరు త్రాగిన బావి నుంచే తోడుకోమన్నారు. తమకు తామే అన్యాయం చేసుకున్నవారి నివాసాలలోకి ఏడుస్తూ తప్ప ప్రవేశించవద్దని, వారికి పట్టిన గతి మీకూ పట్టవచ్చునని హెచ్చరించారు. తర్వాత శిరస్సుకు వస్త్రం కప్పుకుని, వాహనాన్ని వేగంగా నడుపుతూ ఆ లోయను దాటిపోయారు.

ఆలోచించండి. ఆకలిగొన్న సైన్యం కలుపుకున్న పిండిని కూడా తిననివ్వలేదు. ఆ చోట కడుపు నింపుకోవడం కంటే భయపడడం ముఖ్యమని నేర్పారు. అదే లోయకు మనం మెత్తని పరుపుపై నిద్రించి, రకరకాల వంటకాలు భుజించి చేరుకుని, నవ్వుతూ ఫోటోలు దిగి వస్తే ఏమి చూసినట్లు? ఆ జాతి నేరం ఇల్లు కట్టుకోవడం కాదు. తమ శిల్పనైపుణ్యం చూసుకుని, తమను ఎవరూ ఏమీ చేయలేరని విర్రవీగడం. ఆడంబరంతో నశించినవారి ఇళ్ళను ఆడంబరంతోనే చూడబోవడం, జబ్బుపడి చనిపోయినవాని ఇంటికి పరామర్శకు వెళ్ళి ఆ జబ్బునే అంటించుకుని రావడం వంటిది.

అయితే విమానం ఎక్కడమే పాపమని మేము అనడం లేదు. అల్లాహ్ హలాల్ చేసినదాన్ని హరామ్ అనే అధికారం ఎవరికీ లేదు. హజ్రత్ సులైమాన్ (అ)కు అల్లాహ్ గాలినే వశపరచాడు. ఒక నెల ప్రయాణం ఆయనకు ఒక ఉదయంలో ముగిసేది. అంత వైభవంతో సాగిపోతూ ఆయన ఏమి చేశారు? దారిలో ఒక చీమ తన తోటి చీమలను హెచ్చరిస్తుంటే విన్నారు. చిరునవ్వు నవ్వారు. ఈ అనుగ్రహాలకు కృతజ్ఞత చూపే భాగ్యాన్ని ప్రసాదించమని ప్రభువును వేడుకున్నారు. సౌకర్యం సులైమాన్ (అ)కూ లభించింది, ఖారూన్‌కూ లభించింది. ఒకరు చీమ మాట విన్నారు. మరొకడు తన సంపద తన తెలివికి దక్కిందే అన్నాడు.

ఖారూన్ గాథలో మనలాంటివారికి కూడా పాఠం ఉంది. అతడు అట్టహాసంగా బయలుదేరినప్పుడు, మాకూ అలాంటి భాగ్యం ఉంటే బాగుండునని ఆశపడ్డ జనం ఉన్నారు. నేడు ఆ ఊరేగింపు మన చేతిలోని సెల్‌ఫోన్‌లోనే సాగుతోంది. ఇతరుల విమానాలు, విడిదులు చూసి నిట్టూర్చే యువకులారా! భూమి అతణ్ణీ అతని భవనాన్నీ మింగివేసిన మరునాడు, నిన్న ఆశపడ్డ ఆ నోళ్ళే అల్లాహ్ మమ్మల్ని రక్షించాడని పలికాయి.

సోదరులారా! గుణపాఠం కోసం ఎనభై లక్షలు అవసరమా? మనం ఉన్నది ఏ నేల మీద? ఇది బందరు. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు ఇక్కడ వర్తకం మొదలుపెట్టారు. గోల్కొండ సుల్తానుల కాలంలో ఇది ఎంతటి రేవో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే వ్రాశాడు. పెగూ, సయాం, హుర్ముజ్, మక్కా దిశలకు ఓడలు ఇక్కడి నుంచి వెళ్ళేవి. మన కలంకారీ అద్దకం బట్టలు ఆ ఓడల్లోనే సముద్రాలు దాటాయి. హజ్ యాత్రికులు కూడా ఆ మార్గానే ఎర్రసముద్రానికి సాగేవారు. నేడు మిగిలినవి ఏమిటి? వలందాల పేరుతో వలందపాలెం, పరాసుల పేరుతో పరాసుపేట, ఇంగ్లీషుపాలెం. బందరు కోటలో మొండిగోడలు. డచ్చివారి సమాధులపై చెక్కిన పెద్ద పెద్ద బిరుదులు. ఊళ్ళకు పేరు మిగిలింది, పేరు పెట్టినవారు లేరు. ఆ సమాధుల దారిన మేము ఎన్నోసార్లు వెళ్ళాము, ఒక్కనాడూ ఆగి ఆలోచించలేదని సిగ్గుతో ఒప్పుకుంటున్నాము.

ఘంటసాలకు వెళ్ళండి. దాదాపు రెండువేల ఏళ్ళనాటి బౌద్ధ స్తూపం, శిల్పాలు అక్కడ ఉన్నాయి. రోము నగరంతో వర్తకం నడిచిన కాలంలో అది సందడిగల రేవు. గుడివాడ దిబ్బలో కూడా అలాంటి స్తూపమే బయటపడింది. అలెగ్జాండర్ రే అనే పురావస్తు అధికారి ఈ రెండింటి వివరాలనూ 1894లో గ్రంథస్థం చేశాడు. వారి విశ్వాసం వేరు, మన విశ్వాసం వేరు. కాని వారి చరిత్ర మన నేల చరిత్ర. దానిని గౌరవంతో చూడాలి, పాఠం నేర్చుకోవాలి. బందరు నుంచి బస్సు టిక్కెట్టు చాలు.

ఇక సముద్రం. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన బందరును ముంచింది. సుమారు 30,000 మంది మరణించారు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచింది. 10,000కు పైగా ప్రాణాలు పోయాయి. ఆనాడు ధనికుడి డాబా, బీదవాడి పూరిపాక అని నీరు అడగలేదు. నాగాయలంక వైపు, కోడూరు వైపు ఆ రాత్రిని చూసిన వృద్ధులు నేటికీ ఉన్నారు. వారి ప్రక్కన ఒక గంట కూర్చోండి. ఏ పండితుడూ చెప్పలేని పాఠం వింటారు.

ఇంతటితో ముగిస్తూ, మా కొరకు, మీ కొరకు అల్లాహ్ క్షమాపణ వేడుకుంటున్నాము. మీరూ ఆయనను క్షమాపణ వేడుకోండి. ఆయన అమితంగా క్షమించేవాడు.

(రెండవ ఖుత్బా)

అల్లాహ్‌ను స్తుతించి, ఆయన ప్రవక్త (సఅసం)పై దరూద్ పంపిన తరువాత –

సోదరులారా! వారం గడిచింది. ఆ సోదరుడు మళ్ళీ వచ్చారు. మేము హలాల్, హరామ్ అని తీర్పు చెప్పలేదు. పూర్వం బందరు రేవు నుంచి హజ్‌కు బయలుదేరే యాత్రికుడు తిరిగివస్తానన్న ధీమా లేకుండా ఓడ ఎక్కేవాడని గుర్తుచేశాము. ప్రయాణానికి ముందు అప్పులు తీర్చాలి, అమానతులు అప్పగించాలి, ఎవరి హక్కైనా మన దగ్గర ఉంటే చెల్లించాలి, నొప్పించినవారిని క్షమాపణ కోరాలి అని ధర్మవేత్తలు నేర్పారు. ఆ తరువాత ఒకే ఒక ప్రశ్న అడిగాము: "ఎవరి హక్కైనా మీ దగ్గర ఉన్నదా?"

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "ఆపా భాగం ఉంది" అన్నారు.

తల్లి ముందే మరణించింది. తండ్రి పోయినప్పుడు ఆరు ఎకరాల చెరువు మిగిలింది. వారసులు కొడుకు, కూతురు, ఇద్దరే. నిసా సూరాలోని నియమం ప్రకారం నాలుగు ఎకరాలు కొడుక్కి, రెండు ఎకరాలు కూతురికి. ఆరు ఎకరాలూ కొడుకు చేతిలోనే ఉండిపోయాయి. ఆపా భర్తను కోల్పోయింది. అద్దె ఇంట్లో ఉంటూ బట్టలు కుడుతోంది. "ఆపా ఎన్నడూ అడగలేదు హజ్రత్, పెళ్ళిలో నాన్న బాగానే ఇచ్చారు" అన్నారాయన.

సోదరులారా! ఈ మాట ఆయన ఒక్కరిదే కాదు. మన ఇళ్ళలో ఎన్ని నోళ్ళు ఇదే మాట అంటున్నాయో మీకు తెలుసు. అడగకపోవడం వదులుకోవడం కాదు. పుట్టింటి గడప తనకు ఎక్కడ మూసుకుపోతుందోనన్న భయంతో ఆడపడుచు నోరు విప్పదు. పెళ్ళిలో ఇచ్చింది తండ్రి ప్రేమ. వారసత్వంలో ఇచ్చేది అల్లాహ్ నిర్ణయించిన హక్కు. మొదటిది రెండవదాన్ని రద్దు చేయదు. సమూద్ జాతి ఒక ఒంటె నీటి వంతును ఓర్వలేక నశించింది. తోబుట్టువు వంతును మ్రింగి, ఆ జాతి శిథిలాలు చూడడానికి ఏ ముఖంతో వెళ్తాము?

యాత్ర మానుకోమని మేము ఆయనకు చెప్పలేదు. ఆహ్వానానికి మాత్రం, మేము రాలేమని చెప్పాము. ఆపా పేర రిజిస్ట్రేషన్‌కు పత్రాలు సిద్ధమవుతున్నాయని, ఇన్నేళ్ళ రాబడిలో ఆమె వంతు లెక్క కూడా వేయిస్తున్నానని మొన్న కబురు పంపారు. యాత్ర మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు, మేమూ అడగలేదు.

కాబట్టి ఉమ్రాకు వెళ్ళేవారైనా, విహారానికి వెళ్ళేవారైనా మూడు సంగతులు గుర్తుంచుకోండి. మొదటిది, ఇతరుల హక్కు చెల్లించిన తరువాతే ప్రయాణపు సంచీ సర్దండి. రెండవది, మితం పాటించండి. దుబారా చేసేవారిని దివ్య ఖుర్ఆన్ షైతాను సోదరులని పేర్కొంది. పొరుగువాని పిల్లవాడి ఫీజు ఆగిపోయి ఉండగా మన విడిదికి బంగారు పూత అవసరం లేదు. మూడవది, ఈ సెలవులలో మీ పిల్లలను బందరు కోటకూ, ఘంటసాలకూ తీసుకుపోండి. దివిసీమలో ఉప్పెనను చూసిన పెద్దల వద్ద కూర్చోబెట్టండి.

వాహనం ఎక్కినప్పుడు చదవమని మనకు నేర్పిన దుఆ చివర, మనమంతా మన ప్రభువు వద్దకే మరలిపోవలసి ఉందన్న మాట ఉంటుంది. విమానం ఎంత పైకి ఎగిరినా చివరి ప్రయాణం నలుగురి భుజాల మీదనే.

ఓ అల్లాహ్! మాకు చూసే కళ్ళతో పాటు గ్రహించే హృదయాలను ప్రసాదించు. మా అక్కచెల్లెళ్ళ హక్కులు మా మెడలపై ఉండగా మమ్మల్ని నీ వద్దకు పిలువకు. సంపన్నులకు కృతజ్ఞతను, పేదలకు తృప్తిని అనుగ్రహించు. ఈ తీరప్రాంతాన్నీ, ఇక్కడ నివసించే ప్రజలందరినీ ఉప్పెనల నుంచి, ఆపదల నుంచి కాపాడు. 1977 నాటి ఆ రాత్రి కన్నవారినీ, బిడ్డలనూ కోల్పోయినవారి మనస్సులకు ఊరట కలిగించు. మా ప్రయాణాలన్నింటినీ నీ వైపుకే మరల్చు. ఆమీన్.